భూతాప విద్యుత్తు: వేడి పుష్కలం, పందెమంతా బోరు మీదే

భూతాప విద్యుత్తును, అంటే భూమి లోపలి వేడితో తీసే కరెంటును, మెచ్చుకునే వాళ్లందరూ మొదట చెప్పే మాట ఒకటే. సూర్యుడు సాయంత్రానికి దిగిపోతాడు, గాలి తనకు తోచినప్పుడే వీస్తుంది, భూమి లోపలి వేడి మాత్రం రాత్రనక పగలనక ఉంటుంది. ఇందులో అబద్ధం లేదు. అంతర్జాతీయ ఇంధన సంస్థ 2024లో ఇచ్చిన నివేదిక ప్రకారం భూతాప ప్లాంట్లు 2023లో తమ సామర్థ్యంలో సగటున 75 శాతానికి పైగా వాడుకలో ఉన్నాయి. గాలిమరల విషయంలో అది 30 శాతం లోపు, సోలార్ పలకల విషయంలో 15 శాతం లోపు. పైగా ఇంధనం కొనే పని లేదు, స్థలం కూడా తక్కువే పడుతుంది.

మరి ఇన్ని సుగుణాలున్నది ఎందుకు వెనకబడింది? ఇటలీలోని లార్డెరెల్లోలో పియెరో జినోరి కాంటి అనే ఆయన నేలలోంచి వచ్చే ఆవిరితో ఐదు బల్బులు వెలిగించింది 1904లో. 1913కల్లా అక్కడే వ్యాపార స్థాయి ప్లాంటు నడిచింది. ఇప్పటి సోలార్ పలకలు అప్పటికి పుట్టనేలేదు. అంత ముందు బయల్దేరిన భూతాపం వాటా ఇవాళ్టికీ ప్రపంచ విద్యుత్తులో ఒక శాతానికి చేరలేదు. స్థాపిత సామర్థ్యం మొత్తం కలిపినా 15 వేల మెగావాట్ల పైచిలుకే. సోలార్ ఒక్క ఏడాదిలో అంతకు ఇరవై రెట్లకు పైగా కొత్త సామర్థ్యం కలుపుకుంటోంది.

వేడి చాలక ఇలా జరగలేదు. భూమి పుట్టినప్పటి వేడి ఇంకా మిగిలే ఉంది. దానికి తోడు రాళ్లలోని యురేనియం, థోరియం, పొటాషియం రేడియోధార్మికతతో నిరంతరం క్షీణిస్తూ వేడి పుట్టిస్తూనే ఉన్నాయి. ఎక్కడ తవ్వినా సగటున కిలోమీటరుకు 25 నుంచి 30 డిగ్రీల సెల్సియస్ చొప్పున వేడి పెరుగుతుంది. అంటే మామూలు నేలలో ఐదు కిలోమీటర్లు దిగితే కరెంటుకు పనికొచ్చే 150 డిగ్రీలు దొరుకుతాయి. అగ్నిపర్వతాలున్న చోట, భూఫలకాలు విడిపోయే చోట, ఒకదాని కిందికి ఒకటి దూరే చోట అంత లోతు కూడా అక్కర్లేదు. అమెరికా పశ్చిమ రాష్ట్రాలు, ఇండోనేషియా, ఫిలిప్పీన్స్, తుర్కియే, న్యూజిలాండ్, కెన్యా, ఐస్‌లాండ్ ఈ రంగంలో ముందున్నాయంటే కారణం అదే.

వేడి ఒక్కటే ఉంటే సరిపోదు. ఆ వేడిని పైకి మోసుకొచ్చే నీరు కావాలి. ఆ నీరు వేడి రాళ్ల మధ్య తిరగడానికి పగుళ్లు కావాలి. ఈ మూడూ ఒకే చోట కలిసొచ్చే ప్రదేశాలు భూమ్మీద చాలా తక్కువ. అందరి కాళ్ల కిందా ఉన్న వేడి కొందరికే అందడం వెనక ఉన్న అసలు సంగతి ఇది. భూతాపాన్ని గాలి, ఎండలతో ఒకే గాటన కట్టడం కంటే గని తవ్వకంతో పోల్చి చూస్తే దాని లాభనష్టాలు బాగా అర్థమవుతాయి.

తోడే వేగం

రాయి వేడిని చాలా నెమ్మదిగా పంపుతుంది. భూమి లోపలి నుంచి ఉపరితలానికి సహజంగా వచ్చే వేడి సగటున చదరపు మీటరుకు వాట్‌లో పదో వంతు కూడా ఉండదు. మిట్టమధ్యాహ్నపు ఎండ అదే చదరపు మీటరుకు దాదాపు వెయ్యి వాట్లు ఇస్తుంది. కాబట్టి భూతాప ప్లాంటు వాడుకునేది ఏ రోజుకారోజు పైకి వచ్చే వేడిని కాదు, వేల లక్షల ఏళ్లుగా రాళ్లలో పేరుకున్న నిల్వను. ఆ నిల్వ పెద్దదే. కానీ ఒక బోరు చుట్టూ ఉన్న రాయి నుంచి వేడిని తోడితే అది మళ్లీ నిండడానికి దశాబ్దాలు, కొన్నిచోట్ల శతాబ్దాలు పడుతుంది. తగిన వేగంతో తోడితే తరాల తరబడి నడుస్తుంది. అత్యాశకు పోతే కళ్ల ముందే నీరసిస్తుంది.

దీనికి కాలిఫోర్నియాలోని 'ద గీజర్స్' కంటే మంచి ఉదాహరణ లేదు. శాన్‌ఫ్రాన్సిస్కోకు ఉత్తరాన ఉన్న ఈ క్షేత్రంలో 1960లో మొదటి ప్లాంటు వచ్చింది. ఇక్కడ నేలలోంచి నీరు కలవని పొడి ఆవిరి నేరుగా వస్తుంది. శుభ్రం చేసి టర్బైన్‌కు పంపడమే తరువాయి. ఇంత సులువైన క్షేత్రం ప్రపంచంలో అరుదు. దాంతో కంపెనీలు పోటీలు పడి బోర్ల మీద బోర్లు వేశాయి. 1980ల చివరికి స్థాపిత సామర్థ్యం రెండు వేల మెగావాట్లకు చేరింది. 1987లో ఉత్పత్తి శిఖరానికి వెళ్లింది, ఆ వెంటనే ఆవిరి పీడనం పడిపోవడం మొదలైంది. కట్టిన టర్బైన్లకు చాలినంత ఆవిరి లేదు.

విచిత్రమేమిటంటే కింద రాయి అప్పటికీ వేడిగానే ఉంది. అయిపోయింది నీరు. ఆవిరి రూపంలో పైకి వచ్చిన నీటిలో ఎక్కువ భాగం కూలింగ్ టవర్ల నుంచి గాల్లో కలిసిపోయింది, తిరిగి లోపలికి వెళ్లింది కొంతే. చివరికి పక్క ఊళ్ల మురుగునీరు ఆదుకుంది. 1997 నుంచి లేక్ కౌంటీ, 2003 నుంచి శాంటా రోసా నగరం శుద్ధి చేసిన మురుగునీటిని పైపుల్లో కొండల మీదికి పంపుతున్నాయి. దాన్ని వేడి రాళ్లలోకి ఎక్కిస్తున్నారు. నగరాలకు మురుగునీటిని వదిలించుకునే దారి దొరికింది, క్షేత్రానికి ఆవిరి దొరికింది. పూర్వవైభవం మాత్రం తిరిగి రాలేదు. చల్లటి నీరు వేడి రాళ్లను తాకడంతో చిన్న చిన్న ప్రకంపనలు అక్కడ నిత్యకృత్యమయ్యాయి.

న్యూజిలాండ్‌లోని వైరాకేలో 1958లో ప్లాంటు మొదలైనప్పుడు వాడేసిన వేడినీటిని తిరిగి లోపలికి పంపే ఆలోచనే లేదు. దాన్ని, అందులోని ఆర్సెనిక్‌తో సహా, వైకటో నదిలోకి వదిలారు. లోపల పీడనం తగ్గింది. దగ్గర్లోని వేడినీటి బుగ్గలు ఆగిపోయాయి. కొన్నిచోట్ల నేల ఏకంగా 15 మీటర్ల దాకా కుంగింది. అదే దేశంలో రోటోరువా పట్టణంలో జనం ఎవరికి వారు బోర్లు వేసుకుని ఇళ్లు వెచ్చబెట్టుకోవడంతో నేలలోంచి వేడినీటిని చిమ్మే ప్రసిద్ధ గీజర్లు నీరసించాయి. 1980ల రెండో సగంలో ప్రభుత్వం కఠినంగా వ్యవహరించి, పోహుటు గీజర్‌కు ఒకటిన్నర కిలోమీటర్ల పరిధిలోని బోర్లను మూయించింది. కొన్నేళ్లకు గీజర్లు తేరుకున్నాయి. లోపలి నుంచి తీసిన నీటిని తిరిగి లోపలికే పంపాలన్న నియమం ఇవాళ చాలా చోట్ల మామూలైపోయిందంటే ఇలాంటి అనుభవాలే కారణం.

ఖర్చంతా ముందే

బోరు వేయించిన వాళ్లకు ఈ టెన్షన్ తెలుసు: రిగ్గు వచ్చి, మీటర్లు పెరుగుతున్నకొద్దీ బిల్లు పెరుగుతుంటుంది, నీళ్లు పడతాయో లేదో చివరిదాకా తెలియదు. భూతాపంలో ఇదే టెన్షన్ రెండు మూడు కిలోమీటర్ల లోతున, కోట్ల డాలర్ల లెక్కన ఉంటుంది. భూకంప తరంగాలు, విద్యుత్ నిరోధకత, బుగ్గల రసాయన పరీక్షలు ఎన్ని చేసినా పగుళ్లు సరిగ్గా ఎక్కడున్నాయో తవ్వితేనే తేలుతుంది. వేడి తగిలినా నీరు తగలకపోవచ్చు. నీరు తగిలినా అది ఉక్కును తినేసేంత ఆమ్లంతో ఉండొచ్చు.

ప్లాంటు ఖర్చులో పెద్ద భాగం తవ్వకానిదే. అందులోనూ మొదటి కొన్ని బోర్లు అసలు ప్రాజెక్టు ఉంటుందో లేదో తేలకముందే వేయాలి. ఆ దశలో ఏ బ్యాంకూ అప్పివ్వదు. అన్వేషణ నుంచి కరెంటు దాకా ఐదు నుంచి పదేళ్లు పట్టడం మామూలు. సోలార్‌కు ఈ బాధ లేదు. ఫ్యాక్టరీలో కోట్ల సంఖ్యలో ఒకే రకం పలకలు తయారవుతాయి, ప్రతి ఏడాదీ ధర తగ్గుతుంది. భూతాపంలో ఒక క్షేత్రంలో నేర్చుకున్న పాఠం పక్క లోయలో పనికిరాకపోవచ్చు. సోలార్ ధర పదేళ్లలో పదో వంతుకు పడిపోతే భూతాపం ధర ఉన్నచోటే ఉండిపోయిందంటే మూలం ఇక్కడుంది. వేడి ఉచితమే. వేడి ఎక్కడుందో కనుక్కోవడం ఉచితం కాదు.

ఈ చిక్కుముడిని కెన్యా ఒక పద్ధతి ప్రకారం విప్పింది. ఒల్కారియాలో 1981 నుంచే ప్లాంట్లు నడుస్తున్నాయి. ఆ తర్వాత తవ్వకం కోసమే ప్రభుత్వం ఒక ప్రత్యేక సంస్థ పెట్టింది. బోర్లు వేసే నష్టభయం అది మోస్తుంది, ఆవిరి దొరికాక ప్రైవేటు కంపెనీలకు అమ్ముతుంది. మెనెంగాయి క్షేత్రం ఈ పద్ధతిలోనే నడుస్తోంది. ఇవాళ కెన్యా విద్యుత్తులో 40 శాతానికి పైగా భూతాపానిదే. వానలు లేక జలవిద్యుత్తు తగ్గిపోయిన సంవత్సరాల్లో ఆ దేశాన్ని నిలబెట్టింది కూడా అదే. తొలి బోర్ల నష్టాన్ని ఎవరో ఒకరు, చాలావరకు ప్రభుత్వమే, భరించని చోట భూతాపం పెద్దగా ఎదిగిన దాఖలాలు తక్కువ. మార్కెట్‌కే వదిలేస్తే అదే చూసుకుంటుందని ఈ రంగంలో అనుకోవడం ఆశ మాత్రమే.

కరెంటా, వేడా?

చర్చల్లో ఎక్కువగా వినిపించని విషయం ఒకటుంది. బోరు నుంచి వచ్చే వేడిలో కరెంటుగా మారేది సగటున 12 శాతం చుట్టూనే. ఆవిరి ఉష్ణోగ్రత బొగ్గు బాయిలర్ స్థాయిలో ఉండదు కాబట్టి భౌతికశాస్త్రం అంతకంటే పెద్దగా ఒప్పుకోదు. బాగా వేడి ఉన్న క్షేత్రాల్లో పీడనం తగ్గించి నీటిని ఆవిరిగా మార్చి టర్బైన్ తిప్పుతారు. వేడి తక్కువున్న చోట ఆ నీటితో ఐసోబ్యూటేన్, పెంటేన్ లాంటి త్వరగా మరిగే ద్రవాలను మరిగించి వాటి ఆవిరితో తిప్పుతారు. అలాస్కాలోని చేనా హాట్ స్ప్రింగ్స్‌లో 2006 నుంచి 74 డిగ్రీల నీటితోనే కరెంటు తీస్తున్నారు. అయితే అక్కడ చల్లబరచడానికి మంచులాంటి నీరు అందుబాటులో ఉంది. అదే ఎడారిలో గాలితో చల్లబరిచే ప్లాంటయితే వేసవి మధ్యాహ్నం ఉత్పత్తి బాగా తగ్గిపోతుంది. అంటే జనం ఏసీలు వేసుకునే వేళకే. 'రోజంతా ఒకే తీరు కరెంటు' అనే ప్రచారంలో ఈ సంగతి చెప్పరు.

వేడిని వేడిగానే వాడితే ఈ నష్టం చాలావరకు ఉండదు. ఐస్‌లాండ్‌లో పదింట తొమ్మిది ఇళ్లు భూతాపంతోనే వెచ్చబడతాయి. అది అగ్నిపర్వతాల దేశం కాబట్టి కుదిరిందని కొట్టిపారేయడానికీ లేదు. అగ్నిపర్వతమన్నదే లేని పారిస్ పరిసరాల్లో, 1969లో మెలూన్ పట్టణంతో మొదలుపెట్టి, దాదాపు రెండు కిలోమీటర్ల లోతులోని సున్నపురాయి పొరల వేడినీటితో అపార్ట్‌మెంట్లను వెచ్చబెడుతున్నారు. ఒక బోరులోంచి నీరు తీయడం, వేడి లాక్కున్నాక పక్క బోరులోంచి లోపలికి పంపడం, అంతే. చలి దేశాల ఇళ్లకు, గ్రీన్‌హౌస్‌లకు, పాల పొడి, కాగితం లాంటి పరిశ్రమలకు కావాల్సింది చాలావరకు వేడే. భూతాపానికి అసలైన బలం ఉన్నది ఇక్కడ. కానీ మెగావాట్లకు వచ్చే పేరు ఇళ్లను వెచ్చబెట్టే రేడియేటర్లకు రాదు కదా.

లోపలి నుంచి ఇంకేం వస్తాయి

భూగర్భ జలం శుభ్రమైన నీరు కాదు. సిలికా, బోరాన్, ఆర్సెనిక్, ఉప్పు అన్నీ కరిగి ఉంటాయి. నీరు చల్లబడగానే సిలికా పైపుల లోపల గట్టిగా పేరుకుంటుంది. దాన్ని గీకడం, కరిగించడం, రాకుండా చూడడం భూతాప ఇంజనీర్ల రోజువారీ తలనొప్పి. ఐస్‌లాండ్‌లోని స్వార్త్‌సెంగి ప్లాంటు 1976 నుంచి వదిలిన సిలికా నీరే లావా రాళ్ల రంధ్రాలను మూసేసి మడుగుగా నిలిచింది. వ్యర్థంగా పారబోసిన ఆ మడుగే ఇవాళ టికెట్ కొని మునిగే బ్లూ లగూన్.

వాయువులూ వస్తాయి. కుళ్లిన గుడ్ల వాసన వేసే హైడ్రోజన్ సల్ఫైడ్ చుట్టుపక్కల వాళ్ల మొదటి ఫిర్యాదు. కార్బన్ డయాక్సైడ్ సగటున బొగ్గు కంటే ఎన్నో రెట్లు తక్కువే, కానీ సగటు మీద అన్ని ప్లాంట్లనూ నమ్మలేం. పశ్చిమ తుర్కియేలో నీరు నిలిచేది వేడికి కార్బన్ డయాక్సైడ్ వదిలే కార్బొనేట్ రాళ్లలో, అంటే సున్నపురాయి లాంటి వాటిలో. అక్కడి కొన్ని ప్లాంట్లు మొదట్లో యూనిట్‌కు బొగ్గుతో పోల్చదగినంత కార్బన్ డయాక్సైడ్ వదిలాయి. దీనికి పూర్తి విరుద్ధంగా ఐస్‌లాండ్‌లోని హెల్లిస్‌హైది ప్లాంటులో కార్బ్‌ఫిక్స్ ప్రాజెక్టు వాయువును నీటిలో కరిగించి బసాల్ట్ రాళ్లలోకి (లావా గట్టిపడి ఏర్పడినవి) ఎక్కించింది. అందులో 95 శాతానికి పైగా రెండేళ్లలోపే రాయిగా మారిందని 2016లో తేలింది. కాకపోతే ఆ పద్ధతికి నీరు విపరీతంగా కావాలి, బసాల్ట్ ఉండాలి. భూతాపం 'క్లీన్' అవునా కాదా అన్న ప్రశ్నకు దేశాన్ని బట్టి కాదు, రాయిని బట్టి జవాబు చెప్పాలి.

నేల కదిలినప్పుడు

సహజంగా పగుళ్లు లేని చోట మనమే పగుళ్లు చేస్తే? లోతైన వేడి రాళ్లలోకి అధిక పీడనంతో నీరు ఎక్కించి దారులు తెరవాలన్న ఆలోచన 1970ల్లోనే న్యూమెక్సికోలోని ఫెంటన్ హిల్‌లో ప్రయోగంగా మొదలైంది. కుదిరితే భూతాపం కొన్ని దేశాల అదృష్టంగా కాక ఎవరికైనా దొరికే వనరుగా మారుతుంది. కుదరకపోతే ఏమవుతుందో స్విట్జర్లాండ్‌లోని బాసెల్ నగరం చూసింది. 2006 డిసెంబరులో ఐదు కిలోమీటర్ల బోరులోకి నీరు ఎక్కించాక 3.4 తీవ్రతతో నేల కంపించింది. 1356లో భూకంపానికి కుప్పకూలిన చరిత్ర ఉన్న నగరం అది. 2009లో ప్రాజెక్టుకు స్వస్తి పలికారు.

దక్షిణ కొరియాలోని పోహాంగ్‌లో జరిగింది దీనికంటే చాలా పెద్దది. 2017 నవంబరులో 5.4 తీవ్రతతో వచ్చిన భూకంపంలో ఎందరో గాయపడ్డారు, వేల భవనాలు దెబ్బతిన్నాయి. భూతాప బోర్లలోకి ఎక్కించిన నీరే అప్పటికే ఒత్తిడిలో ఉన్న ఒక భ్రంశాన్ని (భూమి లోపలి రాళ్లు జారే చీలికను) కదిలించిందని ప్రభుత్వం నియమించిన నిపుణుల బృందం 2019లో తేల్చింది. చిన్న ప్రకంపనలు రాగానే పంపులు ఆపేస్తే చాలన్న నమ్మకం అక్కడ పనిచేయలేదు. పంపు ఆపినా లోపలి పీడనం వెంటనే దిగదు.

లోతు తక్కువైతే ప్రమాదం లేదనీ అనుకోలేం. జర్మనీలోని స్టౌఫెన్ పట్టణంలో 2007లో టౌన్‌హాల్‌ను వెచ్చబెట్టడానికి 140 మీటర్ల బోర్లు వేశారు. ఇది విద్యుత్తు కోసం కాదు, చిన్నపాటి హీటింగ్ పని. ఆ బోర్లు అన్‌హైడ్రైట్ అనే ఖనిజం పొరను దాటాయి. కింది నుంచి ఎగదన్నిన నీరు ఆ పొరలోకి చేరింది. అన్‌హైడ్రైట్ నీరు తాగితే జిప్సంగా మారి ఉబ్బుతుంది. నెలనెలా కొద్దికొద్దిగా పాత పట్టణం నేల పైకి లేచింది, 250కి పైగా ఇళ్ల గోడలు బీటలు వారాయి. నీరు పొరలోకి చేరకుండా తోడి, బోర్లను బాగు చేశాకే ఆ ఉబ్బు నెమ్మదించింది. పైన ఎంత చిన్న పనైనా కింద ఏ పొర ఉందో తెలియకుండా చేస్తే ఇంతే.

అగ్నిపర్వతాల పక్కన ఉండడానికీ ఒక ధర ఉంది. 2024 ఫిబ్రవరిలో స్వార్త్‌సెంగి దగ్గర లావా పారి వేడినీటి పైపును తెంచేయడంతో చలికాలం నడిమధ్యలో 20 వేల మందికి పైగా ఇళ్లకు వేడి ఆగిపోయింది.

ఇక భూమి పైన ఉండే మనుషుల లెక్క వేరే. జపాన్‌లో దాదాపు 23 వేల మెగావాట్లకు సరిపడే వనరు ఉందని అంచనా, కట్టినవి అయిదారు వందల మెగావాట్లే. మంచి క్షేత్రాలు నేషనల్ పార్కుల్లో ఉన్నాయి, వేడినీటి స్నానఘట్టాల యజమానులు తమ బుగ్గలు ఎండిపోతాయని ఒప్పుకోవడం లేదు. రోటోరువా అనుభవం తెలిసిన వాళ్లెవరూ ఆ భయాన్ని మూఢనమ్మకం అనలేరు. కెన్యాలో ఒల్కారియా విస్తరణ కోసం 2014లో మసాయి కుటుంబాలను తరలించిన తీరుపై ప్రపంచ బ్యాంకు దాకా ఫిర్యాదులు వెళ్లాయి.

కొత్త ఆశ, పాత ప్రశ్న

ఇటీవలి ఉత్సాహానికి మూలం చమురు రంగం. రాతి పొరల్లో చిక్కుకున్న షేల్ గ్యాస్ కోసం నేర్చిన అడ్డంగా తవ్వే విద్యను వేడి రాళ్లకు వాడుతున్నారు. ఫెర్వో ఎనర్జీ అనే కంపెనీ 2023లో నెవాడాలో రెండు బోర్లను కిందికి దింపి, అక్కడి నుంచి దాదాపు కిలోమీటరు పొడవున అడ్డంగా తీసుకెళ్లి, మధ్యలో పగుళ్లు తెరిచి, 3.5 మెగావాట్లకు సరిపడే ప్రవాహం సాధించింది. డేటా సెంటర్లకు ఇరవై నాలుగు గంటల కరెంటు వెతుక్కుంటున్న గూగుల్ దానికి కొనుగోలుదారు. అదే కంపెనీ యూటాలో వందల మెగావాట్ల ప్లాంటు కడుతోంది. పక్కనే అమెరికా ఇంధన శాఖ డబ్బుతో నడిచే ఫోర్జ్ ప్రయోగశాల ఇలాంటి పద్ధతులనే పరీక్షిస్తోంది. గ్రానైట్‌ను తవ్వడానికి పట్టే రోజులు బోరు బోరుకూ తగ్గుతుండడం వీటన్నిటిలో ముఖ్యమైన వార్త. ఖర్చు దిగేది అక్కడే.

లోపల నీటినే తాకకుండా, మూసిన పైపుల వలలో ద్రవాన్ని తిప్పి వేడి తెచ్చే పద్ధతిని ఈవోర్ కంపెనీ జర్మనీలోని గెరెట్స్‌రీడ్‌లో ప్రయత్నిస్తోంది. అంతకుముందు అక్కడ వేసిన బోర్లలో వేడి దొరికింది, చాలినంత నీరు దొరకలేదు. పగుళ్ల అవసరమే లేదు కాబట్టి భూకంప భయం తక్కువ. కానీ రాయి నెమ్మదిగా వేడి పంపుతుందన్న పాత అడ్డంకి ఇక్కడ నేరుగా ఎదురవుతుంది. అందుకే పదుల కిలోమీటర్ల పైపు తవ్వాల్సి వస్తోంది. మరో చివర, ఐస్‌లాండ్‌లోని క్రాఫ్లాలో 2009లో తవ్వుతుండగా రెండు కిలోమీటర్ల లోతులో అనుకోకుండా శిలాద్రవమే తగిలింది. 450 డిగ్రీల ఆవిరి వచ్చింది, మామూలు బోరు కంటే ఎన్నో రెట్ల శక్తితో. ఆ వేడిని, ఆ ఆమ్లాన్ని తట్టుకోలేక పైన బిగించిన సామగ్రి పాడైపోయి 2012లో బోరును మూసేయాల్సి వచ్చింది.

ఈ ఉత్సాహం చూసి ఆస్ట్రేలియా అనుభవం మరిచిపోకూడదు. కూపర్ బేసిన్‌లో నాలుగు కిలోమీటర్లకు పైగా లోతున వేడి గ్రానైట్‌లోకి దిగి 2013లో ఒక మెగావాట్ ప్రయోగ ప్లాంటు నడిపి చూపారు. సాంకేతికంగా పనిచేసింది, లెక్క కుదరలేదు, బోర్లు మూసేశారు. ఇప్పటి కంపెనీలకు అప్పుడు లేని తవ్వకపు నైపుణ్యం ఉంది. అప్పుడు లేని పోటీ కూడా ఉంది. పగటి సోలార్‌ను రాత్రికి దాచే బ్యాటరీల ధర ఏటా తగ్గుతోంది. భూతాపం ఇరవై నాలుగు గంటల కరెంటుకు అడిగే అదనపు ధర ఆ బ్యాటరీలను మించితే కొనేవాళ్లు మిగలరు. బ్యాటరీలు నాలుగైదు గంటలకు చవకే గానీ, వారాల తరబడి ఎండ తక్కువగా ఉండే చలికాలానికి ఇంకా చవక కాలేదు. భూతాపానికి గ్రిడ్‌లో మిగిలిన చోటు ప్రధానంగా అదే.

మనుషులు చేసిన పగుళ్ల విషయంలో ఇంకా తేలాల్సింది ఉత్పత్తి మొదలయ్యాక జరిగే సంగతి. ఎక్కించిన నీరు ఒక వెడల్పాటి పగులు పట్టుకుని అడ్డదారిన వచ్చేస్తే ఆ దారిలోని రాయి త్వరగా చల్లబడుతుంది, మిగతా రాయి వేడి అలాగే ఉండిపోతుంది. అలా జరిగితే కొన్నేళ్లకే కొత్త బోర్లు వేయాలి, యూనిట్ ధర లెక్క తలకిందులవుతుంది. నీరు పగుళ్లన్నిటిలోకీ సమానంగా పంచుకుని వెళితే ఒకే జత బోర్లు పదేళ్లు, పదిహేనేళ్లు నడుస్తాయి. నెల రోజుల పరీక్షలో ఈ రెండూ దాదాపు ఒకేలా కనిపిస్తాయి. పెట్టుబడిదారులు ప్రారంభోత్సవపు మెగావాట్ల కంటే ఏటేటా బోరు నోటి దగ్గర నమోదయ్యే ఉష్ణోగ్రతను చూడాల్సింది ఇందుకే. యూటా, నెవాడా బోర్ల నుంచి ఆ లెక్కలు ఇప్పుడిప్పుడే రావడం మొదలైంది.